కక్షిదారు సొమ్ము, ప్లీడరు లెక్క

విశాఖపట్నంలో కోర్టుల చుట్టూ తిరిగేవాళ్ల నోట ‘మా లాయరు ముంచేశాడు’ అన్న మాట తరచుగా వినబడుతుంది. ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోతాయి. దావా ఓడిపోవడం మొదటిది. లాయరు వాయిదాకు వెళ్లకపోవడం, గడువు దాటించడం, పిటిషన్ సరిగా రాయకపోవడం రెండోది. కోర్టు నుంచి వచ్చిన సొమ్ము తన దగ్గరే ఉంచుకోవడం, వేయని కేసు వేశానని చెప్పడం, తెల్లకాగితం మీద తీసుకున్న సంతకాన్ని ఇంకోదానికి వాడటం మూడోది. నష్టపోయినవాడికి మూడింటిలోనూ బాధ ఒకటే. చట్టం మాత్రం మూడింటినీ ఒకే గాటన కట్టదు.

కేసు ఓడటం తప్పు కాదు, ఎవరో ఒకరు ఓడక తప్పదు. పొరపాటు సలహా వేరు, చెడ్డ సలహా వేరని 1984లో సుప్రీం కోర్టు మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒక కేసులో తేల్చి చెప్పింది. ఉత్త నిర్లక్ష్యం, అందులో దురుద్దేశం లేకపోతే, సాధారణంగా క్రమశిక్షణ చర్య దాకా వెళ్లదు. ఆ నష్టానికి సివిల్ కోర్టులో దావా వేసుకోవచ్చు. మూడోది నిజాయతీకి సంబంధించినది. న్యాయవాదుల నమోదూ క్రమశిక్షణా చూసే బార్ కౌన్సిల్‌కు క్రమశిక్షణ అధికారం అసలు ఉన్నది ప్రధానంగా దానికోసమే. ఈ తేడా ముందే తెలియక, ఓడిపోయిన కోపంలో పది ఆరోపణలు కలిపి రాసిన ఫిర్యాదులు, వాటిలో ఒకటి నిజంగా తీవ్రమైనదైనా, నీరుగారిపోతాయి.

1961 నాటి అడ్వకేట్స్ చట్టంలోని 35వ సెక్షన్ ఈ వ్యవహారానికి మూలం. రాష్ట్ర బార్ కౌన్సిల్ తన రోల్‌లో, అంటే నమోదైన న్యాయవాదుల జాబితాలో, ఉన్న న్యాయవాది ‘వృత్తిపరమైన లేక ఇతర దుష్ప్రవర్తన’కు పాల్పడ్డాడని నమ్మడానికి కారణం ఉంటే, విషయాన్ని తన క్రమశిక్షణ కమిటీకి పంపాలి. ఫిర్యాదు వస్తేనే కదలాలని లేదు, తనంతట తాను కూడా కదలవచ్చు. ‘ఇతర’ అన్న మాట ముఖ్యం. కోర్టు గదిలో చేసినదే కాదు, బయట చేసినదీ లెక్కలోకి వస్తుంది. ఉత్తరప్రదేశ్‌లో ఒక న్యాయవాది ప్రత్యర్థిని కత్తితో పొడిచి శిక్షపడ్డాక, ఆ శిక్షను గవర్నరు నిలిపివేసినట్లు నకిలీ ఉత్తర్వు పుట్టించిన కేసులో 1997లో సుప్రీం కోర్టు అతని పేరును రోల్ నుంచి తీసేయించింది.

కమిటీలో ముగ్గురుంటారు. ఇద్దరు బార్ కౌన్సిల్ సభ్యులు, మూడో ఆయన కౌన్సిల్ బయటి అనుభవజ్ఞుడైన న్యాయవాది. కమిటీ ముందున్న దారులు నాలుగే: ఫిర్యాదు కొట్టేయడం, మందలించడం, కొంతకాలం సస్పెండ్ చేయడం, పేరును రోల్ నుంచి తీసేయడం. సస్పెన్షన్ పడితే ఆ కాలంలో దేశంలో ఏ కోర్టులోనూ ప్రాక్టీసు చేయకూడదు. కమిటీ ఆర్డరు నచ్చనివాళ్లు 60 రోజుల్లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు, అక్కడి నుంచి మరో 60 రోజుల్లో సుప్రీం కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు.

ఆ నాలుగు దారుల్లో ‘తిన్న సొమ్ము తిరిగి ఇప్పించడం’ లేదు. విచారణ ఖర్చులు వేయవచ్చు గానీ, పోయిన సొమ్ము రాబట్టే అధికారం కమిటీకి లేదు. విశాఖలో నష్టపోయిన మనిషి బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు రాసేటప్పుడు మనసులో పెట్టుకునేది ఆ సొమ్ము గురించే. కమిటీ అడిగే ప్రశ్న మాత్రం ఈ మనిషి చేతిలో ఇంకొక కక్షిదారు వ్యవహారం పెట్టవచ్చా, లేదా అన్నది. రెండూ న్యాయమైన ప్రశ్నలే. మొదటిదానికి జవాబు ఇంకోచోట వెతుక్కోవాలని ఫిర్యాదుదారుకు ముందే ఎవరూ చెప్పకపోవడం వల్ల, ఏళ్లు గడిచి లాయరు సస్పెండయ్యాక కూడా ‘నాకేం వచ్చింది’ అన్న నిట్టూర్పే మిగులుతుంది.

సొమ్ము దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఈ జిల్లాలో కోర్టుల ద్వారా సామాన్యుల చేతికి పెద్ద మొత్తం రావలసిన సందర్భాలు ముఖ్యంగా రెండు. ఒకటి భూసేకరణ పరిహారం. స్టీల్ ప్లాంటు కాలం నుంచి రోడ్ల విస్తరణ దాకా ఇక్కడ ఊళ్లకు ఊళ్లే భూములిచ్చాయి. పెంపు పరిహారం కోసం తండ్రి వేసిన కేసు కొడుకు తరంలో తేలడం కొత్త కాదు. రెండోది రోడ్డు ప్రమాదాల పరిహారం, కోర్టు భాషలో ఎం.వి.ఓ.పి. (మోటార్ వెహికల్స్ ఒరిజినల్ పిటిషన్). జాతీయ రహదారి నగరం గుండా వెళ్తుంది, పోర్టుకూ పరిశ్రమలకూ వెళ్లే లారీలు అదే దారిన తిరుగుతాయి. ఇంటి పెద్దను పోగొట్టుకున్న కుటుంబానికి ఆ పరిహారమే మిగిలిన జీవనాధారం.

ఈ రెండు రకాల కేసుల్లోనూ తీర్పు రావడంతో పని అయిపోదు. అవతలివాళ్లు సొమ్మును కోర్టులో డిపాజిట్ చేస్తారు. దాన్ని తీసుకోవడానికి మళ్లీ ఒక దరఖాస్తు పెట్టాలి, కోర్టు ఆవరణలో దాన్ని చెక్ పిటిషన్ అంటారు. వకాల్తా, అంటే తన తరఫున కేసు నడిపే అధికారపత్రం, ఇచ్చిన న్యాయవాదికి కక్షిదారు తరఫున సొమ్ము తీసుకునే అధికారం కూడా చాలా ఫారాల్లో ముందే అచ్చయి ఉంటుంది. కేసు గెలిచామన్నదే తెలియని మనిషి తరఫున సొమ్ము బయటికి వచ్చేందుకు సందు ఇక్కడే ఉంది.

ఆ సందులోంచి జరిగిన మోసం ఎలా ఉంటుందో 2002లో సుప్రీం కోర్టు తేల్చిన ఒక ఉత్తరప్రదేశ్ కేసు చెబుతుంది. భూసేకరణలో ఒక ముసలి రైతుకు రావలసిన పరిహారం 8,118 రూపాయలు. ఆయనకు చదువు రాదు. 1987లో లాయరు ఆ సొమ్మును డ్రా చేశాడు, రైతుకు ఇవ్వలేదు. ఫిర్యాదు వెళ్లాక, ఇద్దరి మధ్యా రాజీ అయిపోయిందంటూ రైతు పేరు మీద ఒక అఫిడవిట్ దాఖలు చేశాడు. అది నాది కాదని రైతు చెప్పాడు. పేరు తీసేయడం మరీ పెద్ద శిక్ష అని లాయరు వాదించాడు. కక్షిదారు సొమ్ము కాజేయడం వృత్తిలో అతి తీవ్రమైన తప్పుల్లో ఒకటని, అందులోనూ నిరక్షరాస్యుడైన ముసలివాణ్ణి మోసం చేసి, దాన్ని కప్పిపుచ్చడానికి దొంగ కాగితం పుట్టించినవాడికి అది పెద్ద శిక్ష కాదని కోర్టు ఆ అప్పీలును తోసిపుచ్చింది. మొత్తం ఎనిమిది వేల చిల్లరే కావచ్చు. దాన్ని చిన్న సొమ్ము అని కొట్టిపారేయకపోవడం ఆ తీర్పులోని గొప్ప సంగతి.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నాయి. కక్షిదారు అప్పగించిన సొమ్ముకు న్యాయవాది లెక్క రాయాలి. తీసుకున్నది ఫీజు కింద తీసుకున్నాడా, ఖర్చుల కింద తీసుకున్నాడా అన్నది ఆ లెక్కలో కనబడాలి. ఖర్చుల కోసం ఇచ్చినదాన్ని, కేసు నడుస్తుండగా, కక్షిదారు రాసి ఇవ్వకుండా ఫీజు కిందికి మార్చుకోకూడదు. కక్షిదారు తరఫున ఏదైనా సొమ్ము చేతికొస్తే వీలైనంత త్వరగా ఆయనకు తెలియజేయాలి. అడిగితే లెక్క నకలు ఇవ్వాలి. ఆ సొమ్మును అప్పు కింద మార్చుకోకూడదు. ‘నీ డబ్బు నా దగ్గర వాడుకున్నాను, వడ్డీ ఇస్తాలే’ అనడం కూడా నిషేధమే.

నియమం ఇంత వివరంగా ఉన్నా, ఆచరణలో ఎక్కువమంది కక్షిదారులు రసీదు అడగరు. అడిగితే లాయరు గారికి కోపం వస్తుందేమో, కేసు మీద శ్రద్ధ తగ్గుతుందేమో అన్న భయం. గుమస్తా చేతిలో పెట్టిన ఐదొందలు, వెయ్యి ఎక్కడా నమోదు కావు. మరికొన్ని దేశాల్లో కక్షిదారుల సొమ్ముకు లాయరు తన సొంత ఖాతాకు సంబంధం లేని ప్రత్యేక బ్యాంకు ఖాతా తెరవాలి. లాయరు మోసం చేస్తే బాధితుడికి చెల్లించేందుకు వృత్తి అంతా కలిసి వేసుకున్న నిధి కూడా ఉంటుంది. అమెరికా రాష్ట్రాల్లోనూ ఇంగ్లండ్‌లోనూ ఇవి పనిచేస్తున్నాయి. మన నియమాల్లో లెక్క రాయమన్న ఆదేశం ఉంది గానీ ఆ లెక్కను ఎవరూ తనిఖీ చేయరు. మోసం బయటపడ్డాకే ఆ పుస్తకం ఉందా లేదా అన్న ప్రశ్న వస్తుంది. క్రమశిక్షణ వ్యవస్థలో అన్నిటికన్నా బలహీనమైన చోటు ఇదే. శిక్షలు కఠినం చేయడం కన్నా ఈ తనిఖీ పెట్టడం వల్ల ఎక్కువమంది కుటుంబాల సొమ్ము నిలుస్తుంది.

ఒక మంచి మార్పు కోర్టుల వైపు నుంచి వచ్చింది. రోడ్డు ప్రమాదాల పరిహారాన్ని నేరుగా హక్కుదారుల బ్యాంకు ఖాతాలోకే పంపేలా ట్రిబ్యునళ్లు ఆదేశించాలని 2025 మార్చిలో సుప్రీం కోర్టు చెప్పింది. సొమ్ము మధ్యవర్తి చేతిలోకి రాకపోతే, దాన్ని కాజేసే అవకాశమే ఉండదు. ఇదే పద్ధతి భూసేకరణ సొమ్ముకూ, అద్దె డిపాజిట్లకూ, ఈ.పీ.లో, అంటే డిక్రీ అమలు పిటిషన్‌లో, వసూలైన మొత్తాలకూ పూర్తిగా అమలైతే ఫిర్యాదుల్లో పెద్ద భాగం పుట్టకుండానే ఆగిపోతుంది.

పరిహారం కేసుల్లో ఇంకో రకం మోసం కూడా ఉంది, దానికి బాధితుడు కక్షిదారు కాడు. జరగని ప్రమాదాన్ని జరిగినట్లు, లేని బండిని ఉన్నట్లు చూపి వేసే దొంగ క్లెయిములు. ఉత్తరప్రదేశ్‌లో ఇలాంటివాటి మీద ప్రత్యేక దర్యాప్తు జరిగి, సుప్రీం కోర్టు గట్టిగా అడిగాక, 2021 నవంబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 28 మంది న్యాయవాదులను సస్పెండ్ చేసింది. ప్రమాదం జరిగిన గంటల్లోనే ఆసుపత్రి బయట వాలే దళారులు ఈ వ్యాపారానికి మొదటి మెట్టు. 2023లో అడ్వకేట్స్ చట్టానికి చేర్చిన 45ఎ సెక్షన్ ప్రకారం అలాంటి దళారుల జాబితాను హైకోర్టూ జిల్లా జడ్జీ తయారుచేసి ప్రకటించవచ్చు. కేసుల కోసం మనుషులను పంపడం న్యాయవాదికి నియమాల ప్రకారం ఎప్పటినుంచో నిషేధమే. పరిహారంలో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడం కూడా నిషేధమే. కేసు ఫలితం మీద ఆధారపడే ఫీజు మన దేశంలో చెల్లదు. ‘ఇప్పుడేమీ ఇవ్వొద్దు, వచ్చినదాంట్లో మూడోవంతు చాలు’ అన్న మాట వినడానికి దయగా ఉంటుంది. మొత్తంలో వాటా ఉన్న మనిషికి, ఆ మొత్తం చేతికి రాగానే మూడోవంతు దగ్గర ఆగాలన్న కట్టుబాటు ఏ కాగితంలోనూ ఉండదు.

ఇక సంతకాల సంగతి. వకాల్తా అంటే ఒక్క షీటు కాగితం. పైన కోర్టు పేరు, కేసు నంబరు, వాది ప్రతివాదుల పేర్లకు ఖాళీలు. మధ్యలో, కేసు నడపడానికీ, రాజీ చేయడానికీ, సొమ్ము తీసుకోవడానికీ, కాగితాలు వాపసు తీసుకోవడానికీ అధికారం ఇస్తున్నానన్న చిన్న అక్షరాల పేరా. కింద సంతకం లేదా వేలిముద్ర, పక్కన సంక్షేమ నిధి స్టాంపు. కోర్టు వరండాలో గుమస్తా ఆ కాగితాన్ని ఫైలు మీద పెట్టి ‘ఇక్కడా, ఇక్కడా, ఇక్కడా’ అని వేలితో చూపిస్తాడు. నంబరు రాని కేసు కాబట్టి పైన ఖాళీలు ఖాళీగానే ఉంటాయి. దానితోపాటు ‘రేపు ఏదైనా మెమో వేయాల్సి వస్తే మళ్లీ మీరు ఊరి నుంచి రానక్కర్లేకుండా’ అని రెండు తెల్లకాగితాల మీద కూడా సంతకాలు పెట్టించుకోవడం ఉంది. భీమిలి, ఆనందపురం వైపు నుంచి కూలి మానుకుని వచ్చిన మనిషికి అది సాయంలాగానే అనిపిస్తుంది. చాలాసార్లు నిజంగానే సాయం.

ఆ తెల్లకాగితం చెడ్డ చేతిలో పడితే ఏమవుతుందో రాజస్థాన్ నుంచి వచ్చి 2001లో సుప్రీం కోర్టులో తేలిన కేసు చూపిస్తుంది. అద్దె భవనంలో బడి నడుపుకుంటున్న ఒకాయన తన లాయరుకు ఇచ్చిన ఖాళీ వకాల్తానూ, సంతకం ఉన్న ఖాళీ కాగితాన్నీ వాడి, భవనం ఖాళీ చేయడానికి ఆయన ఒప్పుకున్నట్లు రాజీ పత్రం పుట్టింది. ఆయనకు తెలియకుండానే ఆయన మీద డిక్రీ వచ్చింది. ఆ న్యాయవాదిని ఐదేళ్లు సస్పెండ్ చేయడాన్ని సుప్రీం కోర్టు సమర్థించింది. రాజీ పత్రం మీద సంతకం కోర్టు ముందే పెట్టించడం, కక్షిదారును నిలబెట్టి ‘నీకు తెలిసే చేశావా’ అని జడ్జి అడగడం ఎందుకంత అవసరమో ఈ కేసు చదివితే తెలుస్తుంది. లోక్ అదాలత్‌లో వందల కేసులు ఒకే రోజు రాజీ అయ్యేటప్పుడు ఆ ఒక్క ప్రశ్న అడగడానికి పట్టే అర నిమిషం వృథా కాదు.

వేయని కేసును వేశానని చెప్పే మోసం అన్నిటికన్నా పాతది. 1978లో సుప్రీం కోర్టు తేల్చిన మద్రాసు కేసులో వయసు మళ్లిన దంపతులు రెండు ప్రామిసరీ నోట్ల మీద దావాలు వేయమని లాయరుకు ఫీజుతో సహా ఇచ్చారు. దావాలు వేశానని ఆయన చెబుతూ వచ్చాడు, అసలు వేయలేదు, గడువు దాటిపోయింది. రాష్ట్ర బార్ కౌన్సిల్ ఆరేళ్లు సస్పెండ్ చేసింది, పై కమిటీ దాన్ని ఏడాదికి తగ్గించింది. జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు, శిక్షలో భాగంగా ఆ లాయరు పేదలకు ఉచిత న్యాయసహాయం చేయాలంది. శిక్ష సమాజానికి కూడా పనికిరావాలన్న ఆ ఆలోచన ఉదాత్తమైనదే. అదే బెంచిలోని జస్టిస్ ఎ.పి. సేన్ దాంతో ఏకీభవించలేదు. ఆ భిన్నాభిప్రాయానికే ఎక్కువ బలం ఉంది. డబ్బున్న కక్షిదారులకు నమ్మదగని మనిషిని, ఎంచుకునే వీలే లేని పేదలకు ఇవ్వడం సరైనది కాదు.

ఈ మోసాన్ని కనిపెట్టడం ఇప్పుడు సులభమైంది. ప్రతి కేసుకూ పదహారు అక్షరాలూ అంకెలూ కలిసిన సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే కేసు ఎప్పుడు నంబరైంది, చివరి వాయిదాలో ఏం జరిగింది, వచ్చే వాయిదా ఎప్పుడు, అన్నీ కనబడతాయి. ‘కేసు వేశాను’ అన్న మాట విన్న వారం పది రోజుల్లో ఆ నంబరు అడగడం అవమానం కాదు. ఆక్షేపణలతో కోర్టు ఆఫీసు కాగితాలను రిటర్న్ చేస్తే నంబరు ఆలస్యం కావచ్చు, అది మామూలే. అలాంటప్పుడు కూడా దాఖలు చేసినట్లు చూపే నంబరు ఒకటి ఉంటుంది. ఏ నంబరూ చెప్పకుండా నెలలు గడుస్తుంటే మాత్రం అనుమానించాల్సిందే.

జడ్జి పేరు చెప్పి డబ్బు అడగడం మరో మెట్టు పైది. ఒక న్యాయవాది తన కక్షిదారుకు ఉత్తరం రాశాడు. ఈ జడ్జి లంచం తీసుకుంటాడని తెలిసింది, వేరే ఎవరి ద్వారానైనా పని చేయించుకోగలిగితే సరే, లేకపోతే పదివేలు పంపమని అందులో ఉంది. ఆ ఉత్తరమే ఫిర్యాదుకు సాక్ష్యమైంది. రాష్ట్ర బార్ కౌన్సిల్ రెండేళ్లు సస్పెండ్ చేసింది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా మొదట పేరు తీసేసి, తర్వాత పునఃసమీక్షలో ఆయన వయసునూ, దశాబ్దాల ప్రాక్టీసునూ చూసి మందలింపుతో సరిపెట్టింది. 2001లో సుప్రీం కోర్టు ఆ మందలింపును కొట్టేసి, పేరు తీసేయడాన్నే తిరిగి నిలబెట్టింది. లంచం నిజంగా వెళ్లిందా లేదా అన్నదానితో సంబంధం లేదు. ఆ మాట ఒక్కసారి విన్న కక్షిదారు ఆ తర్వాత ఓడినా, గెలిచినా, కోర్టును నమ్మడు.

మందలింపు దాకా తగ్గిన ఆ క్రమం ఒక పెద్ద ప్రశ్నను ముందుకు తెస్తుంది. న్యాయవాదులను విచారించేది న్యాయవాదులే. ఒకప్పుడు ఈ అధికారం హైకోర్టులది. 1961 చట్టం దాన్ని వృత్తి చేతికే అప్పగించింది. ప్రభుత్వానికీ జడ్జీలకూ భయపడకుండా వాదించాలంటే, లాయరు సన్నదు, అంటే ప్రాక్టీసు చేసే అనుమతి, వాళ్ల చేతుల్లో ఉండకూడదన్న ఆలోచన దాని వెనుక ఉంది. ఆ ఆలోచన విలువైనది. 1995లో వినయ్ చంద్ర మిశ్రా అనే సీనియర్ న్యాయవాదిని, అప్పటికి ఆయనే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చైర్మన్, సుప్రీం కోర్టు ధిక్కార నేరం కింద మూడేళ్లు ప్రాక్టీసు నుంచి సస్పెండ్ చేస్తే, 1998లో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆ అధికారం కోర్టుకు లేదని, అది బార్ కౌన్సిల్‌దేనని సరిదిద్దింది. ప్రభుత్వాన్ని ప్రశ్నించే లాయరు లైసెన్సును ప్రభుత్వమే తీసేయగలిగే రోజు వస్తే సామాన్యుడికి నష్టం ఇంకా ఎక్కువ.

అయితే స్వతంత్రం ఒకటి, లోపలివాళ్లే తీర్పు చెప్పుకోవడం ఇంకొకటి. బార్ కౌన్సిల్ సభ్యులు న్యాయవాదుల ఓట్లతో గెలుస్తారు. ఈరోజు ఎవరి మీద విచారణ జరుగుతోందో ఆయన, ఆయన జూనియర్లు, ఆయన స్నేహితులు రేపు ఓటర్లు. సభ్యులు ఎంత నిష్పక్షపాతంగా ఉన్నా, బయటి మనిషికి ఆ నమ్మకం కుదరడం కష్టం. క్రమశిక్షణ కమిటీల్లో న్యాయవాదులు కానివారికీ చోటు ఉండాలని లా కమిషన్ 2017లో తన 266వ నివేదికలో సూచించింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం అడ్వకేట్స్ చట్ట సవరణ ముసాయిదా విడుదల చేస్తే, దేశమంతా న్యాయవాదుల నిరసనలు రేగి, రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. కౌన్సిళ్లలోకి ప్రభుత్వం తన మనుషులను పంపడం మీద అభ్యంతరం సబబైనదే. దాంతోపాటు కక్షిదారుకు పనికొచ్చే సంస్కరణ మీద చర్చ కూడా మూలపడటం మాత్రం విచారకరం. రిటైర్డ్ జిల్లా జడ్జి ఒకరు, న్యాయవాది కాని పౌరుడు ఒకరు కమిటీలో కూర్చుంటే బార్ స్వాతంత్ర్యానికి వచ్చే లోటు లేదు.

విశాఖ నుంచి ఫిర్యాదు చేయాలంటే దారి ఇలా ఉంటుంది. జిల్లా కోర్టు దగ్గరి బార్ అసోసియేషన్‌కు శిక్షించే అధికారం లేదు, అది న్యాయవాదుల సంఘం మాత్రమే. పెద్దల సమక్షంలో మాట్లాడి ఫైలో, డబ్బో తిరిగి ఇప్పించే ప్రయత్నం అక్కడ జరగవచ్చు, జరిగితే మంచిదే. చట్టబద్ధమైన ఫిర్యాదు వెళ్లవలసింది హైకోర్టు ఉన్న అమరావతికి, రాష్ట్ర బార్ కౌన్సిల్ కార్యదర్శి పేరున. సంతకంతో, ధ్రువీకరణతో, నిర్ణీత ఫీజుతో, కాగితాల నకళ్లతో పంపాలి. కౌన్సిల్ మొదట ఇందులో పస ఉందా లేదా చూస్తుంది. ఉందనుకుంటే కమిటీకి పంపుతుంది. న్యాయవాదికీ, అడ్వొకేట్ జనరల్‌కూ నోటీసు వెళ్తుంది. తర్వాత సాక్ష్యం, క్రాస్ ఎగ్జామినేషన్, అచ్చం కోర్టులోలాగే. కమిటీకి సాక్షులను పిలిపించే విషయంలో సివిల్ కోర్టు అధికారాలుంటాయి. దాదాపు 350 కిలోమీటర్ల దూరం ప్రతి వాయిదాకూ వెళ్లి రావడం గోపాలపట్నం లోనో, పెదగంట్యాడ లోనో ఉండే కుటుంబానికి చిన్న ఖర్చు కాదు. అవతల క్రాస్ చేసేది వృత్తిరీత్యా అదే పని చేసే మనిషి.

రుజువు విషయంలో కమిటీలు ఉదారంగా ఉండవు. సన్నదు పోతే ఒక మనిషి బతుకుతెరువు పోతుంది కాబట్టి, అనుమానం మీద శిక్షించరు. అది సరైనదే. కానీ దాని భారం ఎవరి మీద పడుతోందో చూడాలి. కాగితాలన్నీ లాయరు ఫైల్లో ఉంటాయి, రుజువు చేయవలసింది కాగితం లేని మనిషి. పాత ఫైలు ఇవ్వమంటే ‘ముందు నా ఫీజు బాకీ తేల్చు’ అనడం చాలాకాలం నడిచింది. ఫీజు బాకీ ఉన్నా ఫైలు పట్టి ఉంచే హక్కు న్యాయవాదికి లేదని 2000లో సుప్రీం కోర్టు స్పష్టం చేసింది. ఫీజు కోసం ఆయన వేరే దావా వేసుకోవచ్చు. ఈ తీర్పు సంగతి తెలియక కేసు మధ్యలో చేతులు కట్టుకుని కూర్చున్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇంకో రక్షణ కూడా ఉంది. ఒకసారి విచారణ మొదలయ్యాక, ఫిర్యాదుదారు వెనక్కి తీసుకున్నంత మాత్రాన, రాజీ పడ్డంత మాత్రాన అది ఆగిపోదు. ఎందుకంటే అది ఇద్దరి మధ్య తగాదా కాదు.

ప్రతి ఫిర్యాదూ నిజం కాదన్నదీ మరవకూడదు. ఎదుటి పక్షం లాయరు బాగా వాదించాడన్న అక్కసుతో వేసే ఫిర్యాదులు ఎక్కువే. 2025 సెప్టెంబరులో సుప్రీం కోర్టు మహారాష్ట్రలో ఇలా ఎదుటి పక్షం వేసిన ఫిర్యాదులను కొట్టేసి, 50,000 రూపాయల ఖర్చులు కూడా వేసింది. అలాగని కక్షిదారు ఒక్కడే ఫిర్యాదు చేయాలనీ లేదు. పనులు మానుకుని కోర్టుకు వచ్చిన సాక్షిని తప్పుడు సాకులతో వాయిదాల మీద వాయిదాలు తిప్పిన ఇద్దరు న్యాయవాదుల మీద ఆ సాక్షే ఫిర్యాదు చేస్తే, బార్ కౌన్సిల్ దాన్ని తోసిపుచ్చడం తప్పని 2001లో సుప్రీం కోర్టు అంది.

పోయిన సొమ్ముకు వేరే దారులు చూసుకోవాలి. వినియోగదారుల కమిషన్ తలుపు 2024 మే 14న మూసుకుపోయింది. న్యాయవాది సేవ వ్యక్తిగత సేవా ఒప్పందం కిందికి వస్తుంది కాబట్టి వినియోగదారుల రక్షణ చట్టం వర్తించదని సుప్రీం కోర్టు చెప్పింది. వైద్యులు 1995 నుంచీ ఆ చట్టం కిందే ఉన్నారు. సివిల్ దావా దారి తెరిచే ఉంది. నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టానికి న్యాయవాది మీద దావా వేయవచ్చని 1926 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ ఫీజు చట్టమే అంటోంది. సొమ్ము కాజేయడం, సంతకం ఫోర్జరీ లాంటివైతే పోలీసు కేసు కూడా అవుతుంది. భారతీయ న్యాయ సంహితలో 316వ సెక్షన్ నమ్మకద్రోహానికి, 318 మోసానికి. ఇవి బార్ కౌన్సిల్ విచారణతో పాటు నడవవచ్చు, ఒకదాని కోసం ఇంకోటి ఆగనక్కర్లేదు. ఒక లాయరు మీద కేసు వేయడానికి ఇంకో లాయరు దొరకడం కష్టమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగవచ్చు. ఫోన్ నంబరు 15100. మహిళలకూ, ఎస్సీ ఎస్టీలకూ ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచిత సాయం హక్కుగా దొరుకుతుంది.

ఫిర్యాదు పంపాక చాలామంది అది ఎక్కడుందో అడగడం మానేస్తారు. అడ్వకేట్స్ చట్టం 36బి సెక్షన్ ప్రకారం రాష్ట్ర బార్ కౌన్సిల్ కమిటీ ఫిర్యాదు అందిన తేదీ నుంచి ఏడాదిలోపు దాన్ని తేల్చాలి. తేల్చకపోతే అది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ అయిపోతుంది. అలా బదిలీ అయినవి అక్కడా ఏళ్ల తరబడి పేరుకుపోతున్నాయని గమనించి, వాటిని కూడా ఏడాదిలో పూర్తి చేయాలని 2021 డిసెంబరులో సుప్రీం కోర్టు ఆదేశించింది. కాబట్టి పోస్టు రసీదు మీద ఉన్న తేదీ ముఖ్యం. ఏడాది దాటిన మర్నాడే ఫిర్యాదు నంబరు, అందిన తేదీ రాసి, రికార్డు ఢిల్లీకి పంపారా లేదా చెప్పమని అమరావతికి ఒక ఉత్తరం, నకలు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు, రెండూ రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. ఆ రసీదులు కూడా అదే కవరులో దాచుకోవాలి.